స్క్రైబస్‌లో వత్తులు విడిపోతున్నాయి: 64 పేజీల సంచిక, గడువు దగ్గర పడింది

గట్టుమీద_మాస్టారు · 12 ఫిబ్రవరి 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. కోనసీమలో మా ఊరి హైస్కూల్లో 1974లో పదో తరగతి చదివినవాళ్లం మార్చిలో కలుసుకుంటున్నాం. ఆ సందర్భంగా ఒక సంచిక వేస్తున్నాం. డెమీ 1/8 సైజు, 64 పేజీలు. ఈ నెల 25కల్లా పీడీఎఫ్ ప్రెస్సుకి చేరాలి.

మా మేనల్లుడు తన విండోస్ లాప్‌టాప్‌లో స్క్రైబస్ 1.4.8 (పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి పేజీలు మొదలుపెట్టాడు. సెలవులైపోయి వాడు బెంగళూరు వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నా పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 22.04 (విండోస్‌కి బదులు వాడే లినక్స్) ఎక్కించి, ఫైళ్లన్నీ పెన్ డ్రైవ్‌లో ఇచ్చాడు.

వాడు తీసిన నమూనా పీడీఎఫ్ ఇప్పుడు తీరిగ్గా చూస్తే గుండె జారింది. ‘స్త్రీ విద్య’ అన్న శీర్షిక ‘స్‌త్‌రీ విద్‌య’ అని పడింది. పుస్తకమంతా ఇంతే. అదే వ్యాసం లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే చక్కగా ఉంది. ఫాంటు పేరు ‘మండలి’. ఇంకో గొడవేమిటంటే, పట్నంలో డీటీపీ షాపులో టైపు చేయించిన తొమ్మిది వ్యాసాలకి మండలి ఫాంటు పెడితే డాలర్లూ ఇంగ్లిష్ అక్షరాలూ కలగాపులగంగా వస్తున్నాయి.

ఇది ఫాంటు తప్పా, స్క్రైబస్ తప్పా, మా వాడి తప్పా?

డల్లాస్_తమ్ముడు · 12 ఫిబ్రవరి, రాత్రి 10:15

మాస్టారూ, ఉబుంటు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఫాంట్లు సరిగ్గా ఎక్కి ఉండవు.

పెంగ్విన్‌పిల్ల · 12 ఫిబ్రవరి, రాత్రి 10:32

అన్నా, మీ సలహా ఎప్పుడూ ఇల్లు పీకి పందిరేయడమే. పీడీఎఫ్ తయారైంది విండోస్‌లో కదా, ఉబుంటు ఏం చేసింది పాపం?

మాస్టారూ, తప్పు 1.4 వెర్షన్‌ది. మీరు టైపు చేసిన ‘స్త్రీ’ కంప్యూటర్‌కి ఒక అక్షరం కాదు, ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ కలిపి స మీద గుడి దీర్ఘం, కింద త వత్తు, ర వత్తు పెట్టాలంటే ఫాంటులో రాసి ఉన్న నియమాలు చదివే యంత్రం ఒకటి కావాలి. దాన్నే హార్ఫ్‌బజ్ అంటారు. లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 నుంచి అన్ని సిస్టముల్లోనూ దాన్నే వాడుతోంది, అందుకే అక్కడ బాగుంది. స్క్రైబస్‌లోకి అది 1.5.3తో వచ్చింది, అదీ 2017లోనే. 1.4 వరుసలో ఎప్పటికీ రాలేదు. పోయిన నెల దాకా స్క్రైబస్ సైట్‌లో ‘స్థిరమైన వెర్షన్’ అని 1.4.8నే ఇచ్చేవాళ్లు, మీ మేనల్లుడు దాన్నే దింపుకుని ఉంటాడు. వాడి తప్పేం లేదు.

ఈ జనవరిలో 1.6 వచ్చింది. మీ ఉబుంటు సాఫ్ట్‌వేర్ జాబితాలో 1.5.8 దొరుకుతుంది, అందులోనూ వత్తులు కుదురుతాయి కానీ అది ప్రయోగ దశ వెర్షన్. ప్రెస్సుకి ఇచ్చే పని కాబట్టి 1.6 యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒకే ఫైలు) దింపుకోండి. ఒక్క జాగ్రత్త: 1.6లో సేవ్ చేసిన ఫైలు మళ్లీ 1.4లో తెరుచుకోదు. ముందు పెన్ డ్రైవ్ మొత్తం కాపీ తీసి పక్కన పెట్టండి.

పేజీమేకర్_నాటివాణ్ణి · 13 ఫిబ్రవరి, ఉదయం 6:50

ఆ తొమ్మిది వ్యాసాల సంగతి నేను చెబుతా. ఇరవై ఏళ్లు విజయవాడలో డీటీపీ చేశాను మాస్టారూ, ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు అక్షరాలే ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో కొమ్ము, మరో గడిలో త వత్తు. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగులా కనిపిస్తుంది, తీసేశారంటే ముసుగు జారి అసలు ఇంగ్లిష్ బయటపడుతుంది. యూనికోడ్‌లో మాత్రం 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు తెలుగుకి సొంత ఇల్లుంది. మండలి ఆ ఇంటికి చెందిన ఫాంటు. అందుకే మీ షాపువాళ్ల మేటరు దానికి అర్థం కాదు.

షాపుని అడిగి ఏ ఫాంటులో కొట్టారో కచ్చితంగా కనుక్కోండి, పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా గళ్ల అమరిక మారొచ్చు. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక మాత్రం పక్కన కాగితం పెట్టుకుని ప్రతి పేజీ చదవాల్సిందే. ఎక్కువగా చెడేవి క్ష, ఐత్వం, రెండు వత్తులు కలిసిన చోట్లు. ‘రాష్ట్రం’ అన్న మాట వెతికి చూడండి, కన్వర్టర్ ఎంత మంచిదో ఆ ఒక్క మాటతో తేలిపోతుంది.

గట్టుమీద_మాస్టారు · 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:05

యాప్‌ఇమేజ్ దింపాను. డబుల్ క్లిక్ చేస్తే ఏమీ జరగడం లేదు.

పెంగ్విన్‌పిల్ల · 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3:20

మీ క్లాసులో ఎవరైనా ‘లెక్క రాలేదండీ’ అని ఊరుకుంటే ఒప్పుకునేవారా మాస్టారూ? ఎక్కడ ఆగిందో చెప్పమనేవారు కదా :)

ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పర్మిషన్స్. అక్కడ ప్రోగ్రాములా నడపడానికి అనుమతించే గడికి టిక్ పెట్టండి. అయినా కదలకపోతే, ఆ ఫోల్డర్‌లోనే టెర్మినల్ తెరిచి ఫైలు పేరు లాగి అందులో పడేసి ఎంటర్ కొట్టండి. అది ఏం తిడుతోందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ చెప్పండి.

గట్టుమీద_మాస్టారు · 13 ఫిబ్రవరి, సాయంత్రం 4:11

టిక్ పెట్టాను, కదల్లేదు. టెర్మినల్‌లో రెండు లైన్లు వచ్చాయి. లిబ్‌ఫ్యూజ్ డాట్ ఎస్‌ఓ డాట్ 2 అనేదాన్ని లోడ్ చేయలేకపోయానని మొదటిది. యాప్‌ఇమేజ్ నడవాలంటే ఫ్యూజ్ కావాలని రెండోది. నేనడగకుండానే కారణం చెప్పేసింది, మంచి విద్యార్థే.

పెంగ్విన్‌పిల్ల · 13 ఫిబ్రవరి, సాయంత్రం 4:18

అనుకున్నదే. యాప్‌ఇమేజ్ అంటే లోపల ఒక చిన్న డిస్కు. దాన్ని తెరవడానికి ఫ్యూజ్ రెండో తరం లైబ్రరీ కావాలి. ఉబుంటు 22.04 మూడో తరంతో వస్తుంది. టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్, ఆ పక్కన లిబ్‌ఫ్యూజ్2 అని కొట్టండి. చివర 2 అంకె మర్చిపోవద్దు. ఒట్టి ‘ఫ్యూజ్’ అనే ప్యాకేజీ జోలికి మాత్రం పోకండి, అది మూడో తరాన్ని పీకేస్తానని కూర్చుంటుంది.

(రేపు ఎవరైనా 24.04 వేసుకుని ఈ దారం చదివితే: అక్కడ అదే ప్యాకేజీ పేరు చివర టీ64 అని తోక ఉంటుంది.) [24.04 వచ్చాక సవరించాను]

గట్టుమీద_మాస్టారు · 13 ఫిబ్రవరి, రాత్రి 8:30

తెరుచుకుంది! పాత ఫైలు తెరవగానే మండలి ఫాంటు లేదు, బదులు ఏది వాడమంటావు అని అడిగింది. క్యాన్సిల్ కొట్టి మూసేశాను. మండలి జిప్ విప్పి, డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కి, మళ్లీ తెరిచాను. ‘స్త్రీ విద్య’ ఎంత ముద్దుగా పడిందో. మా ఆవిడని పిలిచి చూపిస్తే ‘ఇంతకుముందు కూడా బాగానే ఉండేదిగా’ అంది. ఆవిడ అప్పుడు చూసింది కాగితం మీద.

ఇప్పుడు రెండు కొత్త తంటాలు. ఒకటి, స్క్రైబస్‌లో తెలుగు టైపు చేయలేకపోతున్నాను. మిగతా అన్నిచోట్లా ఐబస్ అనే టైపింగ్ సాధనంతో, ఇంగ్లిష్ అక్షరాలు నొక్కితే తెలుగు పడే ఆర్‌టీఎస్ పద్ధతిలో కొడుతున్నాను, ఇక్కడ మాత్రం ఇంగ్లిషే పడుతోంది. రెండు, పై లైనులో వత్తు కింది లైనులో గుడికి తగులుతోంది.

పేజీమేకర్_నాటివాణ్ణి · 13 ఫిబ్రవరి, రాత్రి 9:02

రెండోదానికి: లైన్ స్పేసింగ్ ‘ఆటోమేటిక్’లో ఉండి ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరం నేల మీద నిలబడుతుంది, మనది నేల కిందకీ రెండంతస్తులు దిగుతుంది. ‘ఫిక్స్‌డ్’ చేసి, 12 పాయింట్ల అక్షరానికి 18 నుంచి 20 దాకా ఇవ్వండి. ‘స్వాతంత్ర్యం’ ఉన్న లైను కింద ‘కీర్తి’ ఉన్న లైను పెట్టి చూసి ఖాయం చేయండి. అది కూడా ప్రతి పెట్టెకీ విడిగా కాదు, పేరాగ్రాఫ్ స్టైల్‌లో ఒక్కసారి మార్చండి. లేదంటే 64 పేజీలు 64 రకాలుగా వస్తాయి.

పెంగ్విన్‌పిల్ల · 13 ఫిబ్రవరి, రాత్రి 9:30

టైపింగుకి: యాప్‌ఇమేజ్ తన సామాను తనే మోసుకొస్తుంది, మీ సిస్టంలో ఉన్న ఐబస్‌తో దానికి మాటలు కలవట్లేదు. దాన్ని బాగుచేయొచ్చు కానీ మీకున్నది 12 రోజులు. వ్యాసాలన్నీ లిబ్రేఆఫీస్ రైటర్‌లో కొట్టి ఓడీటీగా దాచండి. స్క్రైబస్‌లో పెట్టె ఎంచుకుని కంట్రోల్+ఐ నొక్కి ఆ ఫైలు చూపిస్తే మేటరు వచ్చి కూర్చుంటుంది. నిజానికి పని కూడా ఇలాగే సుఖం. దిద్దుబాట్లు రైటర్‌లో, పేజీ కట్టడం స్క్రైబస్‌లో.

డల్లాస్_తమ్ముడు · 13 ఫిబ్రవరి, రాత్రి 11:48

రైటర్ అంటే గుర్తొచ్చింది. శీర్షిక స్టైల్‌లో సైజు 24 చేస్తే ఇంగ్లిష్ మాటలు మాత్రమే పెరిగి తెలుగు అలాగే ఉండిపోయేది నాకు. నెల రోజులు బగ్ అనుకుని తిట్టుకున్నాను. తెలుగు లాంటి లిపులకి ఫాంటు, సైజు వేరే ఖానాలో ఉంటాయట. ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ దగ్గర టిక్ పెట్టి, తెలుగు ఎంచుకుంటే స్టైల్‌లో ఆ రెండో ఖానా కనిపిస్తుంది. ఈసారి ఇన్‌స్టాల్ మళ్లీ చేయమనలేదు, గమనించగలరు.

పెంగ్విన్‌పిల్ల · 14 ఫిబ్రవరి, ఉదయం 7:10

గమనించాం అన్నా. చరిత్రలో రాసిపెట్టాం.

గట్టుమీద_మాస్టారు · 17 ఫిబ్రవరి, రాత్రి 10:05

నాలుగు రోజులు కనపడలేదు, క్షమించాలి. షాపువాళ్ల తొమ్మిది వ్యాసాలూ కన్వర్టర్‌లో వేసి చదువుతూ కూర్చున్నాను. ‘రాష్ట్రం’ పరీక్ష పెట్టాను. మొదటి కన్వర్టర్ తప్పింది, రెండోది పాసైంది. అయినా ఒక్కో పేజీకి అయిదారు తప్పులు.

ఇప్పుడు అసలు చిక్కు. మాకు ఆ రోజుల్లో పాఠం చెప్పిన హెడ్‌మాస్టర్ గారి మీద ప్రత్యేక వ్యాసం ఉంది. శీర్షికలో ‘హెడ్‌’కీ ‘మాస్టర్‌’కీ మధ్య చిన్న ఖాళీ డబ్బా పడుతోంది. వ్యాసం లోపల మండలిలో ఉన్నచోట బాగానే ఉంది. శీర్షికల ఫాంటు వేరే, లావుగా బాగుందని మా మేనల్లుడు ఎక్కడినుంచో తెచ్చినది. ‘విజయ్‌కుమార్’ పేరులోనూ అదే డబ్బా. వాడు సంచికకి పదివేలిచ్చాడు, వాడి పేరులో డబ్బా పడితే బాగోదు.

డల్లాస్_తమ్ముడు · 17 ఫిబ్రవరి, రాత్రి 10:40

అక్కడ కంటికి కనబడని అక్షరం ఒకటి ఉంటుంది మాస్టారూ, 200సి నంబరుది. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ తీసేయండి, పీడా పోతుంది.

గట్టుమీద_మాస్టారు · 18 ఫిబ్రవరి, ఉదయం 8:15

తమ్ముడూ, తీసేశాను. డబ్బా పోయింది. ‘హెడ్మాస్టర్’ అయ్యాడు, డకి మ వత్తు. ‘విజయ్కుమార్’ యకి క వత్తు పెట్టుకుని నిలబడ్డాడు. కంట్రోల్+జెడ్ కొట్టి కొట్టి వేలు నొప్పి పుట్టింది.

పెంగ్విన్‌పిల్ల · 18 ఫిబ్రవరి, ఉదయం 9:00

ఆ కనబడని అక్షరం పీడ కాదు, అవసరం. పొల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మార్చడం ఫాంటు పని. ‘ఇక్కడ వద్దు, పొల్లుగానే ఉంచు’ అని చెప్పేది 200సి.

ఆదివారమే కాబట్టి కాస్త డిటెక్టివ్ పని చేద్దాం. పెద్ద ఫైలు పక్కన పెట్టండి. కొత్తగా ఒక్క పేజీ, ఒక్క పెట్టె, అందులో ‘హెడ్‌మాస్టర్’ ఒక్క మాట. మూడు పరీక్షలు:

మండలి పెట్టి చూడండి. తర్వాత శీర్షికల ఫాంటు పెట్టి చూడండి. చివరగా అదే ఫాంటుతో అదే మాట లిబ్రేఆఫీస్‌లో చూడండి.

గట్టుమీద_మాస్టారు · 18 ఫిబ్రవరి, ఉదయం 9:50

మండలి: బాగుంది. శీర్షికల ఫాంటు: డబ్బా. లిబ్రేఆఫీస్‌లో శీర్షికల ఫాంటు: బాగుంది!

మూడోది చూశాక నా బుర్ర పనిచేయడం ఆగిపోయింది. ఫాంటు తప్పైతే అక్కడా రావాలి కదా.

పెంగ్విన్‌పిల్ల · 18 ఫిబ్రవరి, ఉదయం 11:25

రావక్కర్లేదు. ఒక ఫాంటులో ఫలానా అక్షరం లేకపోతే లిబ్రేఆఫీస్ చప్పుడు చేయకుండా సర్దుకుంటుంది. స్క్రైబస్ ప్రెస్సు మనిషి, లేనిదాన్ని లేదని మొహం మీద చూపిస్తుంది. సాధారణంగా అది మంచి గుణమే, కాగితం మీద పడ్డాక తెలిసేకంటే నయం. కాకపోతే కనబడకూడని అక్షరానికి కూడా డబ్బా చూపడం కొంచెం అతి.

ఫాంట్‌ఫోర్జ్ అనే ప్రోగ్రాంలో ఆ ఫాంటు తెరిచి, 200సి గడి ఖాళీగా ఉందో లేదో చూడండి. ఆ ఫాంటుతో పాటు లైసెన్స్ ఫైలు వచ్చిందా?

గట్టుమీద_మాస్టారు · 18 ఫిబ్రవరి, మధ్యాహ్నం 12:40

గడిలో ఏమీ లేదు, అడ్డగీత ఉంది. లైసెన్స్ ఫైలు ఉంది, ఓఎఫ్‌ఎల్ (ఓపెన్ ఫాంట్ లైసెన్స్) 1.1 అని రాసి ఉంది.

పెంగ్విన్‌పిల్ల · 18 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

దొంగ దొరికాడు. ఓఎఫ్‌ఎల్ కాబట్టి ఫాంటుని మనం దిద్దుకోవచ్చు. ఆ లైసెన్స్‌లో ‘రిజర్వ్‌డ్’ అని పేరు ప్రకటించి ఉంటే, దిద్దినదాన్ని అదే పేరుతో పంచిపెట్టకూడదు. అందుకని ముందే పేరు మార్చేయండి, రెండూ ఒకే పేరుతో ఉంటే మీ కంప్యూటరే తికమకపడుతుంది.

200సి గడి తెరవండి, ఏమీ గీయకండి, వెడల్పు సున్నా పెట్టండి. కొత్త పేరుతో ఫాంటు తయారుచేసి ఇన్‌స్టాల్ చేయండి. స్క్రైబస్ మూసి తెరవండి, తెరిచి ఉండగా వచ్చిన ఫాంట్లని అది చూడదు. ఆ తర్వాత శీర్షికలన్నీ ఒకసారి చదవండి. ఫాంట్‌ఫోర్జ్ చేతిలోంచి మళ్లీ పుట్టిన ఫాంటులో ఒక్కోసారి వత్తులు దెబ్బతింటాయి.

పేజీమేకర్_నాటివాణ్ణి · 18 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:00

శీర్షికలు ఒక్కొక్కటీ మార్చక్కర్లేదు. స్క్రైబస్ ఫైలు లోపల ఉన్నది ఎక్స్‌ఎంఎల్, ఉత్త అక్షరాలే. కాపీ తీసుకుని, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి పాత ఫాంటు పేరు వెతికి కొత్త పేరు పెట్టేయండి. పేజీమేకర్ రోజుల్లో ఈ సుఖం లేదు. ఫైలు చెడితే దండం పెట్టి మొదటినుంచి కట్టుకోవడమే. ఎన్ని రాత్రులు అలా పోయాయో.

గట్టుమీద_మాస్టారు · 18 ఫిబ్రవరి, రాత్రి 9:20

డబ్బా పోయింది. హెడ్‌మాస్టర్ గారు హెడ్‌మాస్టర్ గారిలా ఉన్నారు. ఫాంటుకి మా ఊరి పేరు పెట్టుకున్నాను.

ఫైలులో పేరు మార్చే చిట్కా మొదటిసారి పనిచేయలేదు. ఫాంటు పేరు చివర ‘బోల్డ్’కి ముందు ఒక ఖాళీ ఉంది, నేను అది వదిలేశాను. రెండోసారి కుదిరింది. లెక్కల మాస్టారు ఖాళీ లెక్కపెట్టలేదు.

పేజీమేకర్_నాటివాణ్ణి · 19 ఫిబ్రవరి, ఉదయం 6:30

ఇక ప్రెస్సు సంగతి. ముందు వాళ్లనే అడగండి, ఏ పీడీఎఫ్ కావాలని. వాళ్లు ఎక్స్-3 (ప్రెస్సుల కోసం ఉన్న పీడీఎఫ్ రకం) కావాలంటే, కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేస్తే తప్ప స్క్రైబస్‌లో ఆ రకం ఎంచుకోనివ్వదు. నల్ల అక్షరాలు నలుపు 100, మిగతా మూడు రంగులూ సున్నా ఉన్నాయో లేదో చూసుకోండి. నాలుగు రంగులూ కలిసిన నలుపైతే, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా సన్న వత్తులకి నీడలు పడతాయి. ఫాంట్ల పేజీలో అన్నీ ‘ఔట్‌లైన్’ చేసేయండి, వాళ్ల మిషన్‌లో మీ ఊరి ఫాంటు ఉండదు కదా.

ఇంకోటి. రెండు వైపులా సమానంగా సర్దితే సన్నపాటి కాలమ్‌లో లైనుకి రెండే మాటలు పడి మధ్యలోంచి ఎడ్లబండి పోయేంత సందు వస్తుంది. మన మాటలు పొడుగు. రెండు కాలమ్‌లు ఉన్న పేజీలు ఎడమవైపుకే సర్దేయండి. డెమీ 1/8కి అసలు ఒక్క కాలమే అందం. 64 పేజీలు అన్నారు, 16 చొప్పున నాలుగు ఫారాలు, లెక్క సరిపోయింది. ఒక్క పేజీ కూడా పెంచకండి.

పెంగ్విన్‌పిల్ల · 19 ఫిబ్రవరి, ఉదయం 8:05

ఔట్‌లైన్ చేస్తే అక్షరాలు బొమ్మలైపోతాయి, పీడీఎఫ్‌లో వెతకడం, కాపీ చేయడం ఉండవు. వాట్సాప్‌లో పంచడానికి ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇంకోటి తీయండి. దానిలో కూడా తెలుగు వెతుకులాట పూర్తిగా కుదరదు, వత్తులున్న మాటలు కాపీ చేస్తే వరస మారి వస్తుంటాయి. అది ఒక్క స్క్రైబస్ జబ్బే కాదు.

అలాగే ఫైల్ మెనూలో ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’ నొక్కి, ఫాంట్లూ ఫొటోలూ అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి చేర్చి మీ మేనల్లుడికి పంపండి. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

గట్టుమీద_మాస్టారు · 24 ఫిబ్రవరి, సాయంత్రం 5:45

ఇవాళ ప్రెస్సుకి వెళ్లి ఇచ్చొచ్చాను. అక్కడి కుర్రాడు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారు తాతగారూ అన్నాడు. చెప్పాను. అతను వినలేదట, రాసివ్వమన్నాడు.

నమూనా కాగితం తీసి చూపించాడు. 37వ పేజీలో ఒక ఫొటో మసగ్గా ఉంది, అది 1974 నాటి ఫొటోనే కాబట్టి వదిలేశాం. వత్తులన్నీ ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను.

మోడరేటర్_2 · 25 ఫిబ్రవరి, ఉదయం 10:00

శుభం మాస్టారూ. ఈ దారం శీర్షికకి ‘పరిష్కారమైంది’ అని తగిలించమంటారా?

గట్టుమీద_మాస్టారు · 25 ఫిబ్రవరి, ఉదయం 11:30

అప్పుడే వద్దండీ. పని గట్టెక్కింది కానీ తప్పు అక్కడే ఉంది కదా. ఆ ఒక్క మాట, ఒక్క పెట్టె ఉన్న చిన్న ఫైలు, రెండు తెరపట్టులు, ఉబుంటు వెర్షన్, స్క్రైబస్ వెర్షన్ కలిపి స్క్రైబస్‌వాళ్ల మాంటిస్ బగ్ ట్రాకర్‌లో (సాఫ్ట్‌వేర్ తప్పులు నమోదు చేసే చోట) పెడుతున్నాను. ఫాంటు చేసినవాళ్లకీ రాస్తాను. ఇంగ్లిష్‌లో రాసిన చిత్తుప్రతి రాత్రికి ఇక్కడ పెడతాను, పెంగ్విన్‌పిల్ల ఒకసారి దిద్దిపెట్టాలి. ఎర్ర సిరాతో దిద్దినా ఏమనుకోను.